తడి మీద అతికే జిగురు

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేస్తే బావ వింటాడని ఉత్తరం రాస్తున్నాను. సముద్రపు రాళ్ళని పట్టుకుని ఎన్ని అలలు కొట్టినా ఊడని ఆల్చిప్పల్ని చూసి మేం మందు జిగురు తయారు చేస్తున్నామని నీకు తెలుసు కదా. కోసిన ఊపిరితిత్తిని తడి మీదే, కుట్లు లేకుండా అతికించే ఆ జిగురు బావ ఆపరేషన్‌లో వాడదామని డాక్టరమ్మ అన్నప్పుడు, నిన్ను సంతకం పెట్టమని చెప్పింది నేనే. దాన్ని పరీక్షించింది నేనే కాబట్టి ధైర్యంగా చెప్పాను.

ఇప్పుడు ఆ ధైర్యం పోయింది. మా ల్యాబ్ పెద్దసారు ఏదో దాస్తున్నారు. నేను అతికించి, లేబుల్ వేసి ఫ్రిజ్‌లో పెట్టిన పంది ఊపిరితిత్తి ముక్కలు మాయమవుతున్నాయి. నిన్న ఆయన బల్ల కింది చెత్తసంచి విప్పి చూశాను. అన్నీ అతుకు ఊడిన ముక్కలే! నా చేతిలో ఒక్కటీ ఊడలేదు. "ఇవేంటి సార్?" అంటే, "నీ పని నువ్వు చూసుకోమ్మా" అన్నారు. ఎప్పుడూ కసురుకునే మనిషి అంత మెత్తగా అనేసరికి నా అనుమానం ఖాయమైంది.

ఆపరేషన్‌కి తొమ్మిది రోజులే ఉన్నాయి. బావకి అప్పుడే చెప్పకు.

నీ పిచ్చుక

అక్కా,

సంతకం వెనక్కి తీసుకుందామా అని అడిగావు. రెండ్రోజులు ఆగు. సారు సొరుగు తీసి చూశాను, తప్పే. ఆయన నోటుపుస్తకంలో పేజీ పేజీకీ "ఊడింది, ఊడింది" అని ఉంది. పైకి పంపిన నివేదికలో మాత్రం నా మంచి అంకెలే ఉన్నాయి. పేరు కోసం బావ ప్రాణంతో ఆడుకుంటున్నారు. రేపు నలుగురి ముందూ నిలదీస్తాను.

నీ పిచ్చుక

అక్కా,

నిన్న ఆసుపత్రి వరండాలో నువ్వు నాతో మాట్లాడలేదు. నీ తప్పేం లేదు. జరిగింది పూర్తిగా నా నోటితోనే చెప్పాలి.

ఆ రోజు అందరి ముందూ సారుని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. ఒక తడి ముక్క నా ముందు పెట్టి, "అతికించు, చూస్తాను" అన్నారు. నేను దూది తీసుకున్నాను.

"ఆగు. ఏం చేస్తున్నావు?"

"తడి తుడుస్తున్నానండీ."

"మనిషి లోపల రక్తం ఊరుతూనే ఉంటే ఎంతసేపు తుడుస్తావమ్మా?"

దూది పక్కన పెట్టి తడి మీదే అతికిస్తే, ఊడిపోయింది. నివేదిక పంపాక సారు తను అతికిస్తే ఊడిందట; తప్పు తన చేతిదేమోనని రెండు వారాలుగా నా ముక్కలు తీసుకెళ్ళి పోల్చుకుంటూ నా పరీక్షలన్నీ మళ్ళీ చేస్తున్నారట. తేలకముందే నా మీద నింద పడకూడదని నోరు విప్పలేదట.

ఇంకొకటి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మొదటిరోజు నా చేతిలోనూ ఊడింది అక్కా. తుడిచి పెడితే అతికింది. అందరూ మెచ్చుకున్నారు. అప్పట్నుంచి తుడుస్తూనే వచ్చాను. కాగితం మీద మాత్రం తడి మీదే అతికించానని రాశాను. సారుని అంత తేలిగ్గా అనుమానించగలిగాను, నన్ను నేను అనుమానించుకోలేకపోయాను.

"పొరపాటు మనందరిదీ అని రాద్దాం" అన్నారు సారు. వద్దన్నాను. అక్కడి నుంచే డాక్టరమ్మకి ఫోన్ చేసి, నా అంకెలు అబద్ధమని చెప్పాను. అందుకే బావకి మామూలు కుట్లే వేశారు. నా ఉద్యోగం సంగతి సోమవారం తేలుతుంది.

నువ్వు మందులకి వెళ్ళినప్పుడు బావకి అంతా చెప్పేశాను. కళ్ళు మూసుకుని విని, "ఇంకెవరికైనా వాడారా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే బతికిపోయావు మరదలా" అన్నాడు.

నువ్వు అంత త్వరగా క్షమించవని తెలుసు. క్షమించొద్దు కూడా. మళ్ళీ ఎప్పుడైనా నేను ధైర్యంగా ఏదైనా చెబితే, నమ్మే ముందు "ఎలా చూశావే?" అని అడుగు.

నీ చెల్లెలు