పాటలో బావ ఆగే చోటు

గిలకలదిండిలో ఉన్న అక్కకి, షిల్లాంగ్ నుంచి తమ్ముడు ఏడుకొండలు నమస్కారాలతో రాస్తున్నాను. పేరుకి తగ్గట్టు కొండల్లో పడ్డాడని నవ్వుకోకు.

నువ్వెలా ఉన్నావు? మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పెద్దమ్మ అన్నం సరిగ్గా తింటోందా? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, మొన్న గొంతు పీలగా వినిపించిందని బెంగ పెట్టుకోకు, అది చలికి. ఫోనుండగా ఉత్తరమేమిటని తిట్టుకుంటావేమో. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను చెప్పడం ఆపేస్తాను. అందుకని రాస్తున్నాను.

పని మామూలే. గుడివాడ వైపు చెరువుల చేప ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి ఇక్కడిదాకా వస్తుంది. పెట్టెలు దింపించి, మూతలు తీసి, మెత్తబడిన చేపని ఏరి పక్కన పెట్టడం నా పని. మూత తీసినప్పుడు మన ఊరి వాసన కొడుతుంది, కాసేపు అలాగే నిలబడిపోతాను. ఇక్కడ వాన పట్టిందంటే రోజుల తరబడి తెరిపి ఇవ్వదు. మబ్బు దిగి సందుల్లోకి వచ్చేస్తుంది. ఎదురొచ్చే మనిషి దగ్గరికొచ్చేదాకా ఎవరో తెలియదు. ఒక్కోసారి ఆ నడక చూసి కేకేసి పిలవబోయి ఆగుతాను. ఎవరి నడకలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

అసలు సంగతి చెబుతాను. నేను మళ్ళీ గిటారు పట్టాను. బావ వేటకి వెళ్ళినప్పటినుంచి ముట్టుకోనివాణ్ణి, యాభై దాటాక ఇదేం పిచ్చిరా అంటావు. ఇక్కడ అలా ఎవరూ అనరు. మనవళ్ళున్నవాళ్ళు కూడా రాక్ వాయిస్తారు. మా దగ్గర చేపలు కొనే ఐబన్ అనే ఆవిడది నా వయసే. టీ కొట్టు నడుపుతూ వెనక గదిలో పాటలు రికార్డు చేస్తుంది, డ్రమ్స్ తనే వాయిస్తుంది. ఒకరోజు టీకి వెళ్ళి, గోడకున్న గిటారు తీసి ఊరికే శ్రుతి చేశాను. "ఇవి కొత్త చేతులు కావే" అంది హిందీలో. అలా మొదలైంది.

ఎన్నేళ్ళకో కొత్త పాటలు రాశానక్కా. రెండు రికార్డయ్యాయి కూడా. ఒకటి బందరు ఎండ మీద, ఒకటి నీ నోటి మీద. కోపం తెచ్చుకోకు, విన్నవాళ్ళు బాగుందన్నారు.

మూడోది కొత్తది కాదు. బావా నేనూ కలిసి కట్టిందే. గుడివాడ కాలేజీలో మా బ్యాండు వాయిస్తుంటే, సినిమా పాట పాడమని జనం గోల చేసిన పాట. బావ డ్రమ్స్ ఆపేసి, "ముందు ఇది వినండెహె, తర్వాత మీ ఇష్టమొచ్చింది పాడతాం" అని కసిరాడు. నువ్వు ముందు వరసలో కూర్చుని సిగ్గుతో మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నావు.

ఆ పాటలో ఒకచోట అందరం ఆగుతాం. ఒడ్డున నిలబడి అలివి వల లాగేవాళ్ళు తాడు మీద పట్టు మార్చుకోవడానికి ఆగుతారు కదా, అలా ఆగాలని బావ పెట్టాడు. ఎంతసేపో లెక్క లేదు. బావ చెయ్యి పైకి లేస్తుంది, అది దిగినప్పుడు మేం మొదలుపెడతాం. కావాలనే ఆలస్యం చేసి మమ్మల్ని ఏడిపించేవాడు.

ఐబన్ గదిలో ఆ చోటు వచ్చింది. ఆగాను. అలవాటుగా ఎడమ పక్కకి చూశాను. అక్కడ గోడ ఉంది. నా చెయ్యి కదలలేదు. మళ్ళీ మొదటినుంచి వాయించాం, మళ్ళీ అక్కడే ఆగిపోయాను. వారాల తరబడి ఇదే వరస. హెడ్‌ఫోన్లలో ఆ నిశ్శబ్దం రాగానే పడవ ఇంజను దూరంగా పోతున్న చప్పుడు వినిపించేది. ఐబన్‌కి ఏమీ వినిపించేది కాదు. నాకు భయమేసిందక్కా.

"ఎంతసేపు ఆగాలో చెప్పు, నేను లెక్కపెడతాను" అంది.

"లెక్క కాదు, ఆ మనిషి చెయ్యి చూడాలి."

"అయితే ఆ మనిషినే పిలిపించు."

అప్పుడు చెప్పాను. వేటకి వెళ్ళిన పడవ తిరిగి రాలేదని, మనిషి ఒడ్డుకి చేరలేదని, కళ్ళతో చూడని చావుకి దినం చెయ్యనని మా అక్క ఇంకా బొట్టు తియ్యలేదని. ఐబన్ డ్రమ్ కర్రలు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "నువ్వు కూడా దినం చెయ్యలేదన్నమాట" అంది.

నువ్వు చెప్పావని విశాఖ రేవులో వెతికాను, పారాదీప్‌లో వెతికాను. ఏదో పడవవాళ్ళు ఎక్కించుకుని ఉంటారు, మతి తప్పి ఎక్కడో వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు అని నువ్వంటే నేనూ నమ్మాను. తర్వాత నమ్మకం పోయింది, నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. సముద్రం లేని ఊరు చూసుకుని వచ్చింది అందుకే. ఇక్కడ వెతకమని నువ్వు అడగలేవు.

మొన్న ఆదివారం మళ్ళీ వాయించాం. ఆ చోట ఆగాం. పక్కకి చూశాను. ఎవరి చెయ్యీ లేవలేదు. ఆ ఇంజను చప్పుడు పూర్తిగా పోయేదాకా విన్నాను. తర్వాత నేనే మొదలుపెట్టాను. ఒక తీగ తప్పు పలికింది. ఇంకోసారి వాయిద్దామని ఐబన్ అంటే నేనే వద్దన్నాను.

బావ ఇక రాడక్కా. ఈ మాట ఇంకొకరి నోట వినేకంటే నా చేత్తో రాసింది నువ్వు చదవడం మేలనిపించింది. బొట్టు తియ్యమని నేను చెప్పను, అది నీ ఇష్టం. తిట్టాలనిపిస్తే తిట్టు. మాట్లాడ్డం మాత్రం మానెయ్యకు.

పెద్దమ్మకి నా దణ్ణాలు. నాగాయలంక మావయ్యగారిని అడిగానని చెప్పు. ఈసారి లారీ బయల్దేరేటప్పుడు కాసిని ఎండు రొయ్యలు, కొరివికారం డ్రైవరు చేతికివ్వు. మోకాళ్ళకి ఆవనూనె పంపిస్తున్నాను, రోజూ రాసుకో.

పాట నీ ఫోనుకి పంపాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు విను. మధ్యలో అంతా ఆగిపోతుంది. ఫోను పాడైందనుకుని కట్టెయ్యకు. కాసేపటికి నేను మొదలుపెడతాను.

నీ దీవెన ఎప్పుడూ కావాల్సిన తమ్ముడు,
ఏడుకొండలు