చివరి మనిషి వచ్చేదాకా

ఖరగ్‌పూర్, మంగళవారం. ఒక్కడినే తిని, ఒక్క కంచం కడిగాక.

ఇవాళ రైల్వే వర్క్‌షాప్ గేటు దగ్గర మా యూనియన్ లీడరు గారి వర్ధంతి సభ. బతికున్నన్నాళ్లూ షిఫ్టులో చివరి మనిషి బయటికి రానిదే ఆయన మైకు ముట్టుకునేవారు కాదు. ఆ చివరి మనిషి ఎప్పుడూ ఊడ్చేవాళ్లే. అందరూ కదిలాకే కదా వాళ్ల పని మొదలయ్యేది!

ఇవాళ ముఖ్య అతిథికి రైలు టైమైందని, షిఫ్టు దిగే సైరన్ మోగకముందే మీటింగు ముగించేశారు. అంతసేపూ మా లీడరు గారి ఆదర్శాల గురించే మాట్లాడారు. నేనూ చప్పట్లు కొట్టాను. ముప్ఫై ఏళ్లు ఆయన పక్కన జెండా పట్టుకున్నవాణ్ని, లేచి "ఆగండి" అనడానికి నోరు రాలేదు.

పూరీ గేట్ పేటలోని ఖాళీ ఇంటికి రాబుద్ధి కాక ఆయన ఫొటో దగ్గరే నిలబడ్డాను. షిఫ్టు దిగింది. సైకిళ్లన్నీ వెళ్లిపోయాయి. చాలాసేపటికి, ఊడ్చే పార్వతి తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"మీటింగు అయిపోనాదేటి బాబాయ్?"

"నేదమ్మా. నీ కోసమే ఆగినాం."

ఆగినాం అన్నాను గానీ, అక్కడున్నది నేనూ, ఆ ఫొటోనూ. మైకు కూడా తీసుకెళ్లిపోయారు.

పార్వతి చెప్పులు విడిచి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది.