పార్వతి పిండి పెట్టిన పాలు

పార్వతి తల్లికి,

మన పార్వతి మూడు నెలల పిల్లని నా దగ్గర వదిలి, మళ్ళీ పలాస జీడి ఫ్యాక్టరీ పనికి వెళ్తోంది. డబ్బా పాలు పడదామనుకుంది. అంగన్‌వాడీలో తల్లుల మీటింగు పెట్టిన టీచరమ్మ వద్దంది. గుమ్మంలో నిలబడ్డ నన్ను పిలిచింది.

"తాతా, మీ యమ్మి పాలు పిండి గిన్నెలో ఎట్టి ఎల్తాది. పట్టాల్సింది నువ్వే. ఆడోళ్ళని సూసి సిగ్గేటి? కూకో!"

అందరూ నవ్వారు. తలొంచుకుని నేర్చుకున్నాను.

పార్వతి చంటిపిల్లప్పుడు నువ్వూ అదే పనికి వెళ్ళేదానివి. జాకెట్టు తడిసిపోతోందని షెడ్డు వెనక పాలు పిండి పారబోసేదానివి. ఇంట్లో నేను దానికి పంచదార నీళ్ళు పట్టేవాణ్ణి. నీకు పాలు ఆగిపోయిన రోజు ఏడ్చావు. నేను మళ్ళీ పంచదార నీళ్ళే కలిపాను.

ఇవాళ చెంచాతో పట్టాను. పిల్ల గిన్నె ఖాళీ చేసి, పాల మూతితో నవ్వింది. నువ్వు పోయావన్నది మరిచి, నీకు చూపిద్దామని పక్కకి తిరిగాను.