ఇనుప దిమ్మలు కట్టుకుని తూకమెక్కిన గర్భిణి విషయమై

గర్భిణుల ఆసుపత్రి పర్యవేక్షణాధికారి గారికి,

అయ్యా,

మా చెల్లెలి మొదటి బిడ్డ ప్రాణం తీసింది మీరు. రెండో బిడ్డను కాపాడుకోబోతే మోసగత్తె అని నోటీసు పంపిందీ మీరే.

విషయం: దొంగ బరువు చూపి ఆసుపత్రిని మోసగించెనన్న ఆరోపణకు జవాబు, సదరు గర్భిణికి చక్కెర పరీక్ష కోరుట.

1. తమ తూకం గది గోడ మీద ఒక పటం కలదు. ఎత్తుకు బరువు సరిపోతే పచ్చ, మించితే ఎరుపు. ఎరుపులో పడినవారిని కిటికీ పక్క బెంచీ మీద కూర్చోబెట్టి చక్కెర పరీక్ష చేయుదురు. పచ్చలో పడినవారికి బలం మాత్రలిచ్చి పంపివేయుదురు. ఆ బెంచీని ఆడవాళ్ళు లావు బెంచీ అంటారు. తమరెన్నడూ దాని మీద కూర్చోలేదు గనుక తెలిసి ఉండదు.

2. మా చెల్లెలు సన్నగా ఉంటుంది. దర్జీల వీధిలో మా జాతి వాళ్ళందరం అంతే. చేతులు పుల్లలు, పొట్ట మాత్రం కాస్త ముందుకు. మొదటి కాన్పుకు నెలనెలా పచ్చలోనే పడింది. "భేషుగ్గా ఉన్నావమ్మా, వెళ్ళిరా" అన్నారు నర్సమ్మ. తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఒంట్లో చక్కెర పెరిగిందని అప్పుడు తేలింది. వరండాలో డాక్టరుగారు నాతో అన్నారు: "మీ జాతి వాళ్ళకు ఈ బరువుకే చక్కెర వస్తుందయ్యా. తెలిసిన సంగతే." ఎవరికి తెలిసిన సంగతండీ? ఆ గోడకు ఎవరైనా చెప్పారా?

3. రేవులో మూటలు మోసే కుటుంబాలది వేరే జాతి, వేరే ఒడ్డూ పొడుగూ. ఆ ఇంటి కోడలొకామె మా చెల్లెలికి స్నేహితురాలు. ఆమెకు ప్రతిసారీ ఎరుపే, పరీక్షలో ప్రతిసారీ చక్కెర లేదనే, అయినా ప్రతిసారీ "తిండి తగ్గించు తల్లీ, గుమ్మం పట్టడం లేదు" అని తిట్లే. సిగ్గుపడి పస్తులుండి ఆ బెంచీ మీదే కళ్ళు తిరిగి పడింది. తేరుకున్నాక మా చెల్లెలితో అంది: "నా పది కిలోలు పట్టుకుపోవే చెల్లీ. నాకు తిట్లు తప్పుతాయి, నీకు పరీక్ష దొరుకుతుంది."

4. మా చెల్లెలికిప్పుడు ఐదో నెల. పరీక్ష చేయమని నోరు తెరిచి అడిగింది. "పచ్చలో వాళ్ళకు రూలు లేదు" అన్నారు. ఊళ్ళో ఆ పరీక్ష ఇంకెక్కడా చేయరు. అందుకని, గుడ్డ కత్తిరించేటప్పుడు జరగకుండా పైన పెట్టే ఇనుప దిమ్మలు రెండు నడుముకు కట్టుకుని తూకమెక్కింది. బరువు ఎరుపులో పడింది. దిగుతుంటే ఒక దిమ్మ జారి కింద పడింది. "ఏంటే, ఇనుము కంటావా?" అన్నారు నర్సమ్మ. గదంతా నవ్వారు. దిమ్మలు రెండూ లాక్కుని, పరీక్ష చేయకుండానే, పొట్ట పట్టుకున్న మా చెల్లెల్ని బయటికి పంపేశారు.

5. అందరినీ సమానంగా చూస్తున్నామని నోటీసులో వ్రాసితిరి. ఆ సమానత్వం కోసం సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, ఆ మాట మీ దగ్గర ఇలా దొరుకుతుందనుకోలేదు. ఎవరివో ఒళ్ళు కొలిచి గీసిన గీతకు అందరినీ ఆనించి, మించిన వాళ్ళను తిడుతున్నారు, సరిపోయిన వాళ్ళను గాలికి వదిలేస్తున్నారు. ఒకే కొలతకు ఊరందరికీ చొక్కాలు కుడితే నా దుకాణం మీద రాళ్ళు పడేవి.

ఇంతవరకు చిత్తగించి ఉంటే సంతోషం. లేకుంటే కింది ముక్కలైనా చదవవలెను.

తమ విధేయుడు (ఈ ఒక్క విషయంలో తప్ప),
ఒకసారి మేనమామ కావలసి కాలేకపోయిన దర్జీ

తా.క. మాకు కావలసినవి:

ఈ వారంలోనే మా చెల్లెలికి చక్కెర పరీక్ష.
పచ్చలో ఉన్నా సరే, మా జాతి గర్భిణులందరికీ అదే పరీక్ష.
రేవు ఆడవాళ్ళను తిట్టడం, పస్తులుంచడం మానాలి.
నోటీసు వెనక్కి తీసుకోవాలి.
దిమ్మలు రెండూ తిరిగి ఇవ్వాలి. పరీక్ష చేయకపోతే వాటితో మళ్ళీ పని పడుతుంది.