దానిమ్మ మొదట్లో పసుపు

ఏర్గట్ల,
మాఘ మాసం

బోధన్‌లో కొత్త చక్కెర కార్ఖానా పనిలో ఉన్న మా ఇంటాయనకు, శంకరమ్మ మొక్కులు.

మీరు కోప్పడతారేమోనని ఇన్నాళ్ళూ రాయలేదు. నాకు ముందు మీ ఇల్లాలిగా ఉండి కాలం చేసిన రేణుకక్క నాటిన దానిమ్మ ఎండిపోతోంది. ఒకవైపు కొమ్మలన్నీ మోడువారాయి, బెరడు పగిలింది. పేడలో పుట్టమన్ను కలిపి పూశాను. పుండుకు పసుపు మందే గదా, అత్త కూడా రోజూ మొదట్లో పసుపు నీళ్ళు పోస్తోంది. అయినా ఆకు నిలవడం లేదు. పక్కింటి వెంకటవ్వ నా మొహం మీదే అన్నది: "సవతి సెయ్యి పడ్డంక సెట్టు బతుకుతదా?"

ఒట్టు, నేనేమీ చేయలేదు. పోయిన అక్క గుర్తుగా మన పెళ్ళినాడు మీరు నా మెడలో కట్టిన వెండి బిళ్ళకు మొదటి ముద్ద చూపందే నేను తినను. కానీ మీతో అబద్ధమెందుకు? మీరు ఇంటికొస్తే ఆ చెట్టు కిందే కూర్చుంటారు, నాతో రెండు మాటలైనా మాట్లాడకుండా బండెక్కుతారు. అందుకే ఆకు రాలినప్పుడల్లా నా గుండె తేలికవుతుంది. వెంటనే ఏడుపొస్తుంది. నీళ్ళు పోసేదీ నేనే, ఎండిపోవాలని కోరేదీ నేనేనా? నాకే తెలియడం లేదు.

మీ శంకరమ్మ

*

ఏర్గట్ల

మా ఇంటాయనకు,

నిన్న బావి తాడు తెగి ఖాళీ బిందెతో తిరిగొచ్చాను. పెరట్లో అత్త, పంట పసుపు కొమ్ములు ఉడుకుతున్న కాగులోంచి నీళ్ళు ముంచి దానిమ్మ మొదట్లో పోస్తోంది. పొగలు కక్కుతున్నాయి! "అయ్యో అత్తా, మసిలే నీళ్ళు!" అని చెయ్యి పట్టుకున్నాను. ఆమె బెదరలేదు.

"పోయినామె పోయింది. వాడు గీ సెట్టునే పట్టుకొని ఏడుస్తడు. ఉన్నదాని మొఖం సూడొద్దా? నీ కోసమే పోస్తున్న బిడ్డా" అన్నది.

ఈ ఇంట్లో నా కోసం ఎవరైనా ఇంత ఆలోచించారా! ఆమెను తిట్టాలో, కాళ్ళకు మొక్కాలో తెలియక అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత ఏం తోచిందో, పార తెచ్చి ఉడికిన మన్నంతా తీసేశాను. వెంకటవ్వనే అడిగి బిందెడు చల్లటి నీళ్ళు తెచ్చి పోశాను. "నీకు పిచ్చి లేసిందే" అని అత్త గొణిగింది. కాసేపటికి తానే గంపెడు కొత్త మన్ను తెచ్చి పోసింది.

చెట్టు బతుకుతుందో లేదో తెలియదు. ఎందుకు బతికించాలనుకుంటున్నానో అదీ తెలియదు. అత్తను ఒక్క మాట అనకండి. కాముని పున్నమికి వస్తే ఆ చెట్టు కిందే కూర్చోండి, వద్దనను. అక్క ఎట్లా ఉండేదో నాకెవరూ చెప్పలేదు, మీరు చెప్పండి. కాస్త జరిగి, నాకూ చోటివ్వండి.

మీ శంకరమ్మ