కుట్టేసిన చివరి పేజీలు

కామాక్షీ,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నీ సంవత్సరీకం భోజనాలయ్యాక తమ్ముడి కూతురు సుజాత నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టింది.

“సినిమా పాటలు కావు పెదనాయనా. కాలేజీ పిల్లోళ్లు బ్యాండ్లు కట్టి, వాళ్లే రాసుకొని పాడతా ఉండారు. మొన్ననే కనిపెట్టినా.”

మొదటి బ్యాండు ఒట్టి గోల. రెండోదాంట్లో డప్పు ఉంది, నీకు నచ్చేది. మూడోదాంట్లో పాడే పిల్ల గొంతు మధ్యలోనే ఆగిపోయింది.

“అయిపోయిందా?”

“పాట అంతే పెదనాయనా.”

నీ డిటెక్టివ్ నవల గుర్తొచ్చింది. నువ్వెప్పుడూ ముందే చివర చూసేసి, హంతకుడెవరో నాకు చెప్పేస్తావని, దాని చివరి పేజీలు నేను వలలల్లే దారంతో కుట్టేశాను. ఆసుపత్రిలో రోజూ కూడబలుక్కుంటూ నీకు చదివాను. “ఆ డాక్టరే చంపినాడయ్యా, పందెం!” అనేదానివి. చదువు కుట్టు దాకా రాకముందే పోయావు. చివర తెలియకుండా నిన్ను పంపేశానని ఏడాదిగా ఆ పుస్తకం ముట్టలేదు.

ఈ రోజు తీశాను. దారం నాదే, ముడి మాత్రం నాది కాదు. నేను వేసింది వల ముడి. అక్కడున్నది నువ్వు పూలు కట్టేటప్పుడు వేసే ముడి.

కోయకుండా గోటితో విప్పి చదివాను. చంపింది వంటామె. ఆమె మీద నాకు కోపం రాలేదు, జాలేసింది. చంపిందెవరో నీకెప్పుడో తెలుసు. నేను చదువుతుంటే వినాలని తెలియనట్టే ఉన్నావు.

మళ్లీ అదే దారంతో కుట్టాను. నీ ముడి నాకు రాలేదు.