అక్కడ అడిగి చెబుతాం

బావకి,

నీ బావమరిది, రంగుల మేస్త్రీ రాసుకునేది. ఇంట్లో అందరం కులాసా, మామయ్య తప్ప.

ఏ మామయ్య అని బుర్ర గోక్కుంటావేమో. నాకు మామయ్య, నీకు కన్నతండ్రి. పార్టీ నుంచి గెంటేశాక ఆయన్ని నువ్వు ఏ వరసతో పిలుస్తున్నావో తెలీక విడమరిచి రాస్తున్నాను.

మిల్లులో పీల్చిన బాయిలర్ పొగంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. వానాకాలం దాటడని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆయన అడిగింది ఒక్కటే. "మావాడు కమ్యూనిస్టు పార్టీ చరిత్ర రాస్తున్నాడటగా. అందులో నన్ను ద్రోహి అన్నారట. ఆ ముక్క తీసెయ్యమని రాయరా. ఆ పేరుతో పోవడం నాకిష్టం లేదు."

ఆయన చేసిన ద్రోహం ఏమిటి బావా? యుద్ధం మొదలైనప్పుడు ఇది దొరల యుద్ధం, మిల్లు ఆపండి అన్నారు. ఆపాడు. ఆ తర్వాత దొరల శత్రువు వెళ్ళి, మన పార్టీకి ఆదేశాలిచ్చే పెద్దపార్టీ ఉన్న దేశం మీద పడ్డాడు. వెంటనే అక్కణ్ణుంచి కబురు, ఇది ప్రజల యుద్ధం, మిల్లు నడపండి అని. "యుద్ధం మారిందేమో, మా మిల్లు మారలేదు" అని ఈయన కదల్లేదు. అంతే కదా?

ఆ ఒక్క మాట కొట్టెయ్యి.

నీ నోటిదురుసు బావమరిది.

తా.క.: పార్టీ ఆఫీసు గోడ మీద ఇన్నేళ్ళుగా నినాదాలు రాస్తున్నది నేనే. అక్కడ మాట మారినప్పుడల్లా ఇక్కడ సున్నం కొట్టి కొత్తది రాయడమే నా పని. మొన్న క్యాలెండరు తగిలిద్దామని మేకు కొడితే ఇటుక దాకా దిగలేదు. నువ్వు రాసే చరిత్ర నా గోడంత మందం ఉంటుందా?

*

ప్రియమైన కామ్రేడ్,

నీ ఉత్తరంలో వెటకారం ఎక్కువ, రాజకీయ అవగాహన తక్కువ.

సదరు మాజీ కామ్రేడ్ కోరిక పరిశీలించాను. ఆ కాలపు సమ్మెలు ఒప్పో తప్పో తేల్చింది అంతర్జాతీయ నాయకత్వం. మన మిల్లు సంగతి మనమే తేల్చేసుకుంటే ఇక క్రమశిక్షణ ఏముంటుంది? అందుచేత అక్కడి పెద్దపార్టీకి రాశాను. వాళ్ళు సరేనంటే మాట తీసేస్తాను. అంతవరకూ ఓపిక పట్టమని ఆయనకి చెప్పు.

విప్లవాభివందనాలతో,
చరిత్ర విభాగం.

తా.క.: దగ్గు మరీ ఎక్కువగా ఉందా? ఇది చరిత్ర విభాగం అడుగుతున్న ప్రశ్న కాదు.

*

చరిత్ర విభాగం బావకి,

నీ ఉత్తరం మామయ్యకి చదివి వినిపించాను. "నా సంగతి అక్కడిదాకా వెళ్ళిందా?" అని లేచి కూర్చున్నాడు! ఉతికిన చొక్కా తెమ్మని తొడుక్కున్నాడు. ఆ మొహం చూసి నా నాలుక ఊరుకోలేదు. "వెళ్ళడమేమిటి మామయ్యా, విచారించడానికి అక్కణ్ణుంచి మనిషే రావచ్చు" అనేశాను.

అది గుమ్మం దాటింది. ఇన్నేళ్ళూ ఆయన ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయినవాళ్ళంతా ఇప్పుడు మంచం పక్కన ఒకటే పరామర్శ. కళ్ళజోడు కార్యదర్శి అయితే ఆయన చెయ్యి పట్టుకుని, "మీ మీద నాకెప్పుడూ అనుమానం లేదన్నా" అన్నాడు. గెంటివేత తీర్మానం చదివింది ఆ కార్యదర్శే. మామయ్య మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నీ సిఫారసు ఫలించేలా ఉంది బావా. నువ్వు కూడా ఒకసారి రాకూడదూ?

నీ బావమరిది.

తా.క.: వచ్చే పెద్దమనిషి కోసం వాళ్ళ లిపిలో స్వాగతం బోర్డు రాయమన్నాడు కార్యదర్శి. నాకు మన లిపే అంతంతమాత్రం. పార్టీ ప్రెస్సుకి ఆ దేశం నుంచి మిషను వచ్చిన పాత చెక్కపెట్టె ఒకటుంటే, దాని మీది అక్షరాలు దించేశాను. బ్రహ్మాండంగా కుదిరాయి. "తడి తగలనివ్వకండి, తలకిందులు చేయకండి" అని అర్థమట. పార్టీకి పనికొచ్చే మాటే కదా అని అలాగే ఉంచాను.

*

కామ్రేడ్,

నా కొంప ముంచావు!

విదేశీ ప్రతినిధి వస్తున్నట్టు మీ శాఖ నుంచి కేంద్ర కమిటీకి నివేదిక వచ్చింది. తమకి చెప్పకుండా నేనే పిలిపించానని సగం మంది నా మీద పడ్డారు. వచ్చేది పాత పెద్దపార్టీ మనిషి కాదు, దాంతో తగూపడి విడిపోయిన రెండో పెద్దపార్టీ మనిషి అని మిగతా సగం. నేను ఏ పక్షమో రాసిమ్మంటున్నారు. ఎవరూ రావడం లేదంటే, నిజం దాస్తున్నానని ఇద్దరూ కలిసి అరుస్తున్నారు. ఈ కమిటీ ఏకాభిప్రాయానికి రావడం నేను చూడ్డం ఇదే మొదలు.

నా మీద విచారణ వేశారు. అది తేలేదాకా ఊరు కదలకూడదట. ఆ బోర్డు వెంటనే తీసెయ్యి.

చరిత్ర విభాగం (నన్నింకా తీసెయ్యలేదు).

తా.క.: నిజంగానే లేచి కూర్చుంటున్నాడా?

*

బావా,

బోర్డు తీశాను. తగూ తీయలేకపోయాను. నీ కమిటీ చీలిక ఇక్కడికీ దిగింది. పాత పెద్దపార్టీ వాళ్ళు మంచానికి ఈ పక్క, రెండోదాని వాళ్ళు ఆ పక్క. ఒకరు దిండు సర్దితే ఇంకొకరు మళ్ళీ సర్దుతున్నారు.

నిన్న మామయ్యకి ఆయాసం వచ్చి కిటికీ తెరవమన్నాడు. కిటికీ ఆ పక్కవాళ్ళ వైపుంది. వాళ్ళు తెరిస్తే వాళ్ళ మాట నెగ్గినట్టని ఈ పక్కవాళ్ళు అడ్డం పడ్డారు. "ఒరేయ్, గాలి ఏ దేశానిదైతేనేం, లోపలికి రానివ్వండిరా" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నేనే లేచి తెరిచాను.

పోస్టు సైకిల్ చప్పుడైతే చాలు, "జవాబొచ్చిందా?" అంటున్నాడు. కూర్చోలేకపోయినా ఆ చొక్కా విప్పనివ్వడం లేదు. మనిషొస్తాడన్నది నా పరాచికమని చెప్పడానికి నోరు రావడం లేదు బావా. అక్కడివాళ్ళని తొందరపెట్టు.

నీ బావమరిది.

తా.క.: నీ విచారణ తేలకపోయినా ఫరవాలేదు, కదిలి రా.

*

ఒరేయ్ బావమరిదీ,

అక్కడికి రాసిన కవరు తిరిగొచ్చింది. ఆ పార్టీనే ఎత్తేశారట. వాళ్ళ మేడలో ఇప్పుడు పరుపుల దుకాణం ఉందట.

కవరు బల్ల మీద పెట్టి కమిటీ అంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఇప్పుడెవర్ని అడగాలి?" అన్నారెవరో. ఎవరికీ నవ్వు రాలేదు. నా మీద విచారణ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నా గదికొచ్చి, ఎవర్నీ అడక్కుండా ఆ మాట కొట్టేశాను. ఈ వయసులో నా అంతట నేను చేసిన మొదటి పని అది.

కొట్టేశాక అక్కడేం రాయాలా అని చూస్తే, అసలు సమ్మె దేనికోసమో నాకు తెలీదు. కాగితాలన్నీ తిరగేశాను. పెద్దపార్టీ ఏమంది, మనం ఎంత తొందరగా తలూపాం, అన్నీ ఉన్నాయి. మిల్లు ఎందుకాపారో ఎక్కడా లేదు. ఒకే కప్పు కింద పెరిగాను, ఒక్కసారీ అడగలేదు.

నాన్ననడిగి వెంటనే రాయి.

నీ బావ.

తా.క.: అడిగేటప్పుడు, నేనే అడగమన్నానని చెప్పు.

*

బావా,

నీ ఉత్తరం వచ్చేసరికి మామయ్య లేడు. ఆ మాట కొట్టేశావన్నది ఆయనకి చేరలేదు.

ఆఖరి పూట కూడా జవాబు గురించే అడిగాడు. "ఒప్పేనన్నారు మామయ్యా" అని చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఊరందరి చెవుల్లో పువ్వులు పెట్టినవాణ్ణి, ఆయన కళ్ళలోకి చూసి ఆ ఒక్కటీ అనలేకపోయాను. అనుండాల్సింది.

రెండు జట్లూ రెండు జెండాలతో వచ్చాయి. ఏది కప్పాలో పైనుంచి తేలాలని గుమ్మంలోనే నిలబడ్డాయి. మిల్లువాళ్ళొచ్చి, ఆయన దుప్పటే ఆయనకి కప్పి ఎత్తుకెళ్ళారు.

సమ్మె దేనికోసమని నేనూ ఎప్పుడూ అడగలేదు. నువ్వు కాగితాలు చూసుకున్నావు, నేను గోడలు చూసుకున్నాను. ఆయన్ని ఎత్తుకెళ్ళేటప్పుడు వెనకాల ఒక ముసలామె నడిచింది. ఒకప్పుడు మిల్లులో దారం చుట్టేదట. చేతుల మీద మోచేతుల దాకా కాలిన మచ్చలు. "ఆవిరి గొట్టం పగిలింది నాయనా. బాగుచేసేదాకా బాయిలర్ వెలిగించనన్నాడు. వాళ్ళెవరో వెలిగించమన్నా వెలిగించలేదు" అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. అప్పుడు వినే స్థితిలో లేను.

నీ బావమరిది.

తా.క.: ఆమెకి చదవడం రాదు, ఉత్తరం వేసి లాభం లేదు. చెవులు కూడా సరిగ్గా వినబడవు. నువ్వే వచ్చి, పక్కన కూర్చుని, గట్టిగా అడగాలి.